పేరు లేని ధ్వని

ముసలాయన తిన్నగా వచ్చి, మదోకా మైకు మీద మధ్యవేలితో రెండుసార్లు తట్టాడు.

"తాతా, అది ఆటవస్తువు కాదు," అంది మదోకా, కెమెరా ఆపేస్తూ.

ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ఇక కానివ్వమన్నట్టు తల ఊపాడు.

"ఎంత అరిచినా అంతే అమ్మాయ్. చెవులు రెండూ పోయాయి," అంది సుమియే, గుమ్మంలో కూర్చుని ముల్లంగి తరుగుతూ. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక బస ఇల్లు ఆమెది. ముసలాయన అందులో వెనక గదిలో ఉంటాడు.

మదోకా టోక్యోలో సినిమా విద్యార్థిని. మూతపడిన ఈ బొగ్గు గని ఊరికి ఒకే ఒక్క పేరు కోసం వచ్చింది.

యాభై అయిదేళ్ళ క్రితం ఇక్కడ గని పేలింది. నలుగురు యువకులు మూడేళ్ళు ఈ ఊళ్ళోనే కాపురముండి 'పధ్నాలుగో బావి' అనే డాక్యుమెంటరీ తీశారు. సినిమా చరిత్ర తరగతిలో దాన్ని దృశ్యం వెంట దృశ్యంగా పాఠం చెబుతారు. దర్శకుడి పేరు ఉంది, కెమెరామన్ పేరు ఉంది. ధ్వని అన్నచోట మాత్రం ఖాళీ.

"ఆ మనిషెవరో శరత్తులోగా తేల్చు. తేల్చకపోతే ఈ ఏడాది నీ సినిమా లేనట్టే," అన్నారు కురాతా మాస్టారు.

అయిదు రోజుల్లో పన్నెండు మందిని అడిగింది. ఒకరికి కెమెరామన్ మీసాలు గుర్తున్నాయి. ఇంకొకరికి దర్శకుడి తాగుడు గుర్తుంది.

"ధ్వనా? ఎవడో పెట్టె మోసుకు తిరిగేవాడు. వాడి మొహం ఎవరు చూశారు?" అంది ఒక అవ్వ.

కెమెరా ఎక్కడ నిలబెట్టినా ముసలాయన మాత్రం తప్పకుండా హాజరయ్యేవాడు. రెండు తట్లు, రెండడుగులు వెనక్కి. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది. గని ఊళ్ళో అది వింత కాదు.

"ఎందుకలా తడతాడు పిన్నిగారూ?"

"లోపల చిక్కుకున్నవాళ్ళు గొట్టాలు తట్టారట కదా. ఈయన వాళ్ళకి జవాబు చెబుతున్నాడంటారు. నేను గని మూసేశాక వచ్చినదాన్ని, నాకేం తెలుసు?"

"మీరు నమ్ముతారా?"

"రెండేసి గిన్నెల మిసో చారు తాగుతాడు. దెయ్యాలతో మాట్లాడేవాడికి అంత ఆకలి ఉంటుందా?"

మదోకా నవ్వింది. ఆమె కూడా దెయ్యాలను నమ్మదు. నోటుపుస్తకంలో 'చాదస్తం' అని రాసుకుంది. దెయ్యం కాదని తేల్చుకోవడంతోనే ఆయన గురించి ఆమె పరిశోధన ముగిసిపోయింది.

బయలుదేరే రోజున బస్సు దగ్గర ముసలాయన ఆమె హెడ్‌ఫోన్లలో ఒక పక్కదాన్ని మెల్లగా చెవి మీంచి తొలగించాడు.

"చాల్లే తాతా," అని ఆమె మళ్ళీ సర్దుకుని బస్సెక్కింది.

టోక్యోలో కూర్పు మొదలైంది. చిత్రాన్నీ శబ్దాన్నీ యంత్రమే క్షణంలో జత చేసింది. నలభై ఒక్క దృశ్యాల మొదట్లో నలభై ఒక్కసార్లు ఆ వేలు. అన్నీ కోసేసి, ముక్కలను శాశ్వతంగా చెరిపేసింది.

పేరు మాత్రం దొరకలేదు.

శరత్తు చివర సుమియే నుంచి ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళూ, ఒక కార్డూ వచ్చాయి.

'నీ మైకు తాత పోయిన వారం నిద్రలోనే పోయాడు. నువ్వు వెళ్ళినప్పటినుంచీ రోజూ బస్సు వేళకి అక్కడికెళ్ళి నిలబడేవాడు.'

కార్డులో ఆయన అసలు పేరు లేదు. మదోకా ఎప్పుడూ అడగలేదు గనక సుమియే రాయలేదు.

మర్నాడు కురాతా మాస్టారు, పాత సినిమాల భద్రాలయం నుంచి తెచ్చిన 'పధ్నాలుగో బావి' కోయని రీళ్ళను తరగతిలో మొదటిసారి చూపించబోయారు.

"ఇప్పుడు యంత్రం చేసే పనిని అప్పుడు మనిషి చేసేవాడు," అన్నారు. "కెమెరా తిరగగానే ధ్వని మనిషి మైకును దాని ఎదుట పెట్టి వేలితో తట్టేవాడు. కనిపించే తట్టునూ వినిపించే తట్టునూ ఒకచోట చేరిస్తే మిగతాదంతా కుదురుతుంది. పూర్తయిన సినిమాలో అది మీకు కనబడదు. కోసి పారేస్తారు."

మదోకా కలం ఆగింది.

"ఇది సినిమా తీస్తుండగా జరిగిన రెండో పేలుడు రీలు. హెడ్‌ఫోన్లు రెండు చెవులకూ బిగించుకుని ఉండగానే ధ్వని మనిషి ఆ శబ్దాన్ని పట్టాడు. ఆ తర్వాత మరే సినిమాకూ పనిచెయ్యలేదంటారు. ఏమ్మా మదోకా, ఇంకా దొరకలేదా?"

ఆమె జవాబు చెప్పేలోగా దీపాలు ఆరిపోయాయి.

తెర మీదికి ఒక పడుచువాడి చెయ్యి వచ్చి మైకు మీద మధ్యవేలితో రెండుసార్లు తట్టింది. దాని పక్కనున్న చూపుడువేలు సగమే ఉంది.