దెబ్బ బరువు

పొద్దున్నే మబ్బు పట్టింది. ఒక్క చినుకైనా రాల్చకుండా ఆత్మకూరు దిక్కుకు జరిగిపోయింది.

నాగప్ప లోపలి గదిలో పాత స్టీరియో పెట్టె ముందు గొంతుక్కూర్చుని మీట తిప్పుతున్నాడు. పెంచితే పెట్టె గరగరమంటుంది. తగ్గిస్తే పైపై చప్పుడు మిగులుతుంది, అడుగున ఉండే దెబ్బ మాయమవుతుంది.

నడిమింట్లో మంచం మీద తండ్రి రంగన్న. కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయి, ఆసుపత్రి నుంచి వచ్చాక లేవలేదు. చెవులు మాత్రం పాము చెవులు.

"దెబ్బ తేలిపోతాండాదిరా. నాకు ముద్ద దిగదు" అని నిన్న గోడ దిక్కు తిరిగినవాడు మళ్లీ ఇటు తిరగలేదు.

అరుణజ్యోతి సంగటి గిన్నె అట్లాగే వెనక్కి తెచ్చింది. "మామ ఇప్పుడు గూడా తినల్యా. ఉత్త కడుపున మాత్రలు ఎట్ల మింగిస్తావు?" అంది మొగుడితో.

నాగప్ప పెట్టెను గోనెసంచిలో చుట్టుకుని, పెరటి దారిన బయటపడి నందికొట్కూరు పోయాడు. అక్కడ జయరాజ్ మైకులు, స్పీకర్లు బాగుచేస్తాడు.

"ఏమప్పా, పీర్ల పండక్కా, పెండ్లికా?"

"ఇంట్లోకే. చిన్నగా పెట్టినా దెబ్బ బరువుగా వినపడల్ల."

"చిన్నగా పెడితే బరువు చెవికి ఆనదప్పా. అది చెవి గుణం, పెట్టె తప్పు గాదు." జయరాజ్ బేస్ మీట కాస్త పెంచాడు. "స్టూలు మీద పెట్టాకు. నేలకు ఆనించి మూలకు తొయ్యి. గోడలే మోస్తాయి. ఇంతకూ ఏం పాట?"

నాగప్ప పెట్టెను మళ్లీ గోనెసంచిలో చుట్టుకున్నాడు.

ఇంటికొచ్చి మూలకు తోశాడు. కాస్త మేలు. అంతే.

"ఇంగా పలచనే" నడిమింట్లోంచి తండ్రి గొంతు. "కొట్టేవాళ్లకు చేతుల్లో సత్తువ ల్యా?"

పెట్టెను గోడకేసి కొడదామని ఎత్తాడు నాగప్ప. ఎత్తినవాడు ఆగాడు. ఇంకెక్కడ పెట్టాలో అప్పుడు తట్టింది. అక్కడికి దించి, గరగర రాకుండా మీట కాస్త తగ్గించాడు.

నేల అదిరింది. అరికాళ్లకు తెలిసింది.

మంచం కిర్రుమంది. "ఆ. ఇప్పుడు పడింది దెబ్బ. సంగటి తీసకరా."

నాగప్ప రెండు పళ్లేలు పెట్టాడు. తండ్రి ఎడమ చేత్తో తిన్నాడు. కొడుకు పక్కనే కూర్చుని తిన్నాడు.

లోపలి గదిలో అరుణజ్యోతి, మామ ఆసుపత్రిలో ఉండగా ఆయనకు తెలియకుండా అమ్మేసిన మగ్గం గుంతలో, అమ్మకముందు రికార్డు చేసుకున్న ఆ మగ్గం చప్పుడునే వినిపిస్తున్న పెట్టె పక్కన, నేస్తున్నట్టు కూర్చుని ఉంది.