పెద్దగుంటలో పురుడు

భీమిలి రాళ్లలోని ప్రతి నీటిగుంటకూ ఒక యంత్రపు కన్ను బిగించి చాలా ఏళ్లయింది. ఏ పీత వచ్చిందో, ఏ చేప పోయిందో చూసి అదే చెబుతుంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ కళ్లు తుడవడం మసేనమ్మ, ఆమె కోడలు నూకరత్నం పని.

ఒక పొద్దున పెద్దగుంట కన్ను, "ఇక్కడ ప్రాణి ఏదీ లేదు" అంది. నెలాఖరుదాకా అదే మాటంటే గుంటను పూడ్చి నడకబాట వేస్తారు.

నూకరత్నం బ్రష్షుతో వంగి చూసింది. కంటి అద్దాన్ని కప్పేస్తూ బియ్యపుగింజల్లాంటి తెల్లటి గుడ్లు. వాటికి కాపలాగా, అచ్చం రాయి రంగులోకి మారిపోయి, తల్లి ఆక్టోపస్.

"తుడిసెయ్యమంటావేటత్తా? లేపోతే గుంట పోద్ది."

"పురిటింట్లోకి చీపురట్టుకెల్తామేటే?" అంది మసేనమ్మ. గుంట పక్కన వేపమండ గుచ్చి వచ్చేసింది.

కన్ను రోజూ లేదు, లేదంటూనే ఉంది. తల్లి మేత మాని, గుడ్లమీదికి నీళ్లు ఊదుతూనే ఉంది.

పూడ్చే బండి వచ్చిన రోజున కన్ను తడబడింది.

"ఇక్కడ... ఇక్కడ కళ్లున్నాయి. అన్నీ నన్నే చూస్తున్నాయి."