ముందు ఎవరు తగ్గించాలి?

"సార్, రెండు దేశాలూ సుంకాలు పెంచేసి బిగుసుకు కూర్చుంటే, ముందు ఎవరు తగ్గించాలి?"

తెర మూల ఆ ప్రశ్న కనబడగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా ఆయన గోడకి చెప్పుకుంటున్నట్టు చెప్పుకుపోతున్నారు. దిగుమతి మీద సుంకం పెంచితే సరుకు ధర ఎంత పెరుగుతుంది, కొనేవాడు ఎంత వెనక్కి తగ్గుతాడు, అమ్మేవాడు ఎటు పోతాడు అన్నది కంప్యూటర్లో ఒక నమూనా పెట్టి లెక్కగట్టి చూపించే ఆన్‌లైన్ శిక్షణ అది. వాణిజ్య శాఖలో రిటైరయ్యాక ఒక సంస్థ ఆయనకి అప్పగించింది. ఉచితం కదా అని మొదట్లో జనం ఎగబడి చేరారు. ఉచితమే కదా అని మెల్లగా జారుకున్నారు. మిగిలిన కొద్దిమందీ కెమెరాలు కట్టేసి నల్లటి గడుల్లో మౌనవ్రతం పట్టారు. పలికేది ఒక్కరే, అదీ నోటితో కాదు, టైపు చేసి. ఏ పేరుతోనైనా చేరొచ్చు కనక ఆ ఒక్కరూ పెట్టుకున్న పేరు 'వెనకబెంచీ'.

"ఒకరు ముందు తగ్గిస్తే ఏమవుతుందో చూద్దాం," అన్నారు మాస్టారు హుషారుగా. మిగతావన్నీ ఎప్పటిలాగే ఉన్నాయనుకుని, రెండింట్లో చిన్నదేశం వైపు సుంకం తీసేసి నమూనాని నడిపించారు. లాభం ముందుగా తగ్గించిన దేశానికే వచ్చింది.

"ఎదుటివాళ్ళు తగ్గించకపోయినానా?" అని వచ్చింది తెరమీద.

"తగ్గించకపోయినా."

"మరి పరువు?"

మాస్టారు నవ్వేశారు. "పరువుకి ఈ నమూనాలో గడి లేదు."

నవ్వాక గది మరీ బోసిగా అనిపించింది. రేపటితో శిక్షణ అయిపోతుంది. ఆ తరవాత ఈ పలకరింపు కూడా ఉండదు. అందుకే ఈమధ్య ఆయన అక్కర్లేని ఉదాహరణలు కూడా చెప్పి క్లాసు సాగదీస్తున్నారు.

అలాగని ఆయన ఒంటరివాడేం కాదు. గోడకి అవతల భార్య ఉంది. ఇద్దరికీ మాటల్లేవు, అంతే. ఆమధ్య బావమరిది ఇంట్లో వాళ్ళ దుకాణం సంగతి మాట్లాడుకుంటుంటే ఆవిడ ఏదో చెప్పబోయింది. "నీకు లెక్కలు తెలియవు, ఊరుకో," అన్నారు ఈయన, నలుగురి ముందూ. ఆవిడ ఊరుకుంది. ఎంత బాగా ఊరుకుందంటే, ఇంటికొచ్చాక కూడా ఊరుకునే ఉంది. వేళకి భోజనం బల్లమీదికొస్తుంది, ఉతికిన బట్టలు కుర్చీమీదికొస్తాయి, మాట మాత్రం రాదు. ఆయనా తక్కువేం తినలేదు. తనే ముందు మాట్లాడితే పెద్దరికం ఏం కావాలని భీష్మించుకున్నారు. ఆ పెద్దరికాన్ని ఎదురుగా పెట్టుకుని భోంచెయ్యడం ఎంత కష్టమో రోజురోజుకీ తెలిసొస్తోంది. ఇంట్లో మనిషి ఉండగా మనిషికి మొహం వాచిపోవడం ఆయన ఎన్నడూ ఎరగరు.

"ఒక్క నిమిషం సార్, పొయ్యిమీద పాలున్నాయి," అని తెరమీద పడింది.

సరిగ్గా అప్పుడే వంటింట్లో గిన్నె చప్పుడైంది.

మాస్టారు చెవులు రిక్కించారు. అప్పుడు ఇంకో సంగతి తట్టింది. పొద్దస్తమానం మోగే టీవీ తన క్లాసు మొదలవగానే నోరు మూసుకుంటుంది, అయిపోగానే మళ్ళీ అందుకుంటుంది. ఆవిడ దగ్గర ట్యాబ్ కూడా ఉంది. లెక్కలు తెలియవన్న మాట మనసులో పెట్టుకుని, నేర్చుకోవడానికి మొగుడి క్లాసులోనే చేరిందన్నమాట. ముందు ఎవరు తగ్గించాలట. పరువు సంగతేమిటట. ఇంతకన్నా విడమరిచి ఏం చెబుతుంది ఆ మహాతల్లి?

ఆయన ఇవాళ్టికి చాలని క్లాసు ముగించి, వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ తలెత్తలేదు.

"నీకు లెక్కలు తెలియవన్నాను. తప్పు మాట," అన్నారు. "నువ్వు మాట్లాడకపోతే నాకు ఈ ఇంట్లో ఊపిరాడ్డం లేదు."

ఆవిడ గరిటె కింద పెట్టింది. పొయ్యి కట్టేసి, గిన్నెమీద మూత పెట్టింది. నమూనా బెడిసికొట్టిందేమో అని మాస్టారు భయపడ్డారు.

"ఆ ముక్క అనడానికి ఇన్నాళ్ళు పట్టిందా మీకు?" అంది చివరికి. ఒకపక్క కళ్ళు తుడుచుకుంటూనే, టీ తాగుతారా అని కూడా అడిగింది.

టీ తాగుతూ ఆయన కొంటెగా చూశారు. "క్లాసు వేళకి టీవీ ఎందుకు కట్టేసేదానివో నాకు తెలుసులే."

"మరి మీకు అడ్డం కాదూ?" అందావిడ, మొహం పక్కకి తిప్పుకుని.

దొరికిపోయినందుకు సిగ్గుపడుతోంది కాబోలనుకున్నారు మాస్టారు. పాపం, ఇంక ఏడిపించకూడదని ఆ ఊసు అక్కడితో వదిలేశారు. ఆ పూట భోజనాల దగ్గర ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకున్నారు. దుకాణం విషయంలో ఆవిడ చెప్పబోయింది ఏమిటో కూడా ఆయన అప్పుడే విన్నారు. సబబుగానే ఉంది.

మర్నాడు చివరి క్లాసు. ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బఠాణీలు ఒలుస్తూ. అడిగే మనిషి పక్కకే వచ్చేశాక ఇక తెరమీద టైపు చేసేదెవరు? ఉన్న నాలుగు నల్లగడులనీ చూసి మాస్టారు ఈసారి దిగులుపడలేదు. చెప్పాల్సింది చకచకా చెప్పేసి, "ఇవాళ ప్రశ్నలేమీ ఉండవనుకుంటాను," అని ఆవిడవైపు కన్ను గీటారు.

"నన్ను చూస్తారేం? అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు," అందావిడ.

ఎంత బాగా నటిస్తోందో అని ముచ్చటపడుతూ ఆయన క్లాసు కట్టెయ్యబోయారు. తెర మూల వెనకబెంచీ మెరిసింది.

"సార్, నిన్న మా ఆవిడతో ముందు నేనే మాట్లాడాను."