తొమ్మిదో ట్యూబు

“తొమ్మిదో ట్యూబులో ఎవరిదో కలిపేశావు. ఒప్పుకో. ఆడమనిషి రక్తంలో మగవాళ్ళ జన్యువులు ఎలా వస్తాయే?”

“నా చేతిలో ఇంతవరకు ఒక్క ట్యూబు మారలేదక్కా,” అంది చిట్టి.

దాతల రక్తంలోంచి జన్యు పదార్థాన్ని వేరు చేసేది తను. అందులో ఏ జన్యువులు మేలుకున్నాయో కంప్యూటర్లో లెక్కగట్టేది నేను. రేపే పేపరు పంపాలి.

“అయితే నా లెక్క అబద్ధమా?”

“మొత్తం మళ్ళీ చేస్తా, సరేనా?” విసురుగా ఆ పనికి వాడే ఫినాల్ సీసా అందుకుంది. ఆ విషం ఘాటుకే కళ్ళు మండుతాయి. “అయినా దాతలు తక్కువైతే ఆ రక్తం ఇచ్చింది నేనే. నాది నాకు తెలీదా?”

తప్పు పట్టి తీరాలని ఆ ట్యూబు లెక్కలో ఇంకో వరుస తెరిచాను. కడుపులో బిడ్డకు తిండి అందించే మావిలో తప్ప ఇంకెక్కడా మేలుకోని జన్యువులు. అన్నీ మేలుకునే ఉన్నాయి.

పిల్లల విషయంలో డాక్టర్లు చేతులెత్తేశారని చిట్టి ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు సీసా మూత తిప్పుతోంది.

“చిట్టీ, అది కింద పెట్టు.”

“ఏం, నమ్మకం కుదిరిందా?”

“కుదిరింది. ఇకమీదట నువ్వా సీసా ముట్టుకోకు.” తన చేతిలోంచి సీసా లాక్కున్నాను. “ట్యూబు మారలేదే పిచ్చిదానా. ఆ రక్తంలో ఇద్దరున్నారు.”