మాల తెరవలేని తలుపు

పక్క ద్వీపం లబాసాలోని చెరకు రైతుల భూమి లీజుల మీద నేను కరపత్రం టైపు చేస్తున్నాను. అన్న కూతురు మాల, రెండేళ్లది, మూడుసార్లు బటన్ నొక్కి కంప్యూటర్‌ ఆపేసింది. రాసిందంతా పోయింది.

మంటెక్కి అన్నను సువా పట్నంలో కంప్యూటర్‌ దుకాణానికి లాక్కెళ్లాను. బటన్ మీద ఇనుప తలుపు, దానికి తాళం ఉన్న కంప్యూటర్‌ కేబినెట్ ఏరాను. గుంజి చూశాను. కదల్లేదు.

"ఏక్‌దమ్ పక్కా," అన్నాడు గవర్నమెంటు గుమాస్తా అయిన మా అన్న.

ఇంట్లో బిగించాక, కంప్యూటర్‌ ఆన్ చేయకముందే అన్న తలుపుకి తాళమేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"చెవి ఇయ్యన్నా. కరపత్రం రేపటి బోటులో రైతులకు పంపాల."

"బస్, ఇక చాలు తమ్ముడూ! నీ కాగితాలకు నా నౌకరీ పోతది. మాలకు ఆ బటన్ నొక్కేది నేర్పింది ఎవరనుకున్నావ్? నేనే."

తలుపు గుంజాను. కదల్లేదు.