రెండో లైటు

నీళ్లలో ఫొటోలు తీసే బావకు ఏ ఫోకస్ లైటు కొనాలో తేలలేదు. వాడి చూసి ఒకటి తిరిగిచ్చేస్తానని షాపువాణ్ణి బతిమాలి, తెల్లదీ ఎర్రదీ రెండూ పట్టుకొచ్చాడు.

"తెల్లదానికి చేపలు హడలి చస్తాయి బావా, ఎర్రది పట్టుకెళ్లు," అన్నాడు పడవలో ఉన్న బావమరిది.

నిజమే, చీకటి నీళ్లలో ఎర్ర వెలుగుకు ఒక్క చేపా బెదరలేదు. ఇంతలో అడుగున తెల్ల వెలుగు కనిపించింది. బావమరిది ఉండబట్టలేక దిగాడనుకుని, బావ తన లైటును గుండ్రంగా తిప్పాడు. డైవర్ల సైగల్లో అది 'బాగున్నావా?' అని. తెల్ల వెలుగూ గుండ్రంగా తిరిగింది. దాని చుట్టూ ఉన్న చేపలు ఉలిక్కిపడనైనా లేదు.

పైకొచ్చేసరికి బావమరిది పొడిబట్టల్లోనే ఉన్నాడు. తెల్ల లైటు ఇంకా పెట్టెలోనే ఉంది.

"ఎర్రదే ఖాయమా బావా?"

బావ నీళ్లలోకి తొంగి చూశాడు. పడవ కింద తెల్ల వెలుగు మళ్లీ గుండ్రంగా తిరిగింది. ఈసారి ముందుగా అదే అడిగింది.