ఇప్పచెట్టు కింద

“ఉరకకు! గట్టిగ మాట్లాడు,” అంటూ అరుంధతి భర్త మోచేయి పట్టుకుంది.

పొద్దున్నే వాగు దాకా నడిచి వస్తున్నారిద్దరూ. తాము దిగిన అడవి కాటేజీ ముందున్న ఇప్పచెట్టు కింద పూలు తింటున్న ఎలుగుబంటి వీళ్లను చూసి తలెత్తింది.

“ఏం మాట్లాడాలె?” అన్నాడు ఉపేందర్.

“ఏదన్న. మనుషులమని దానికి తెల్వాలె. మా కొత్తగూడల పువ్వు ఏరెటోళ్లు గిట్లనే లొల్లి జేసుకుంట పోతరు.”

ఎలుగుబంటి రెండు కాళ్ల మీద లేచి నిలబడింది. ఉపేందర్ గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

“రిషిత!” అని అరిచాడు.

ఆమె ఎన్నడూ వినని పేరది.

“ఎవరు?”

“మన బిడ్డ! గా పేరు పెడుదామనుకున్న. దవాఖానల ఒక్కసారి ఎత్తుకున్న. ముక్కు అచ్చం నీదే. చెప్తే నువ్వు ఆగమైతవని భయమైంది, అరుంధతీ!”

ప్రాణం లేకుండా పుట్టిన పాప. దవాఖాన నుంచి వచ్చాక అతను ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. మరిచిపోయాడనే అనుకుందామె. నాలుగు రోజులు అడవిలో ఉంటే మనసు కుదుటపడుతుందని తీసుకొచ్చి, ఇక్కడా నోరు విప్పలేదు.

ఎలుగుబంటి ముందుకాళ్లు నేలకు దించింది. ఒకసారి గుర్రుమని, వెనక్కి తిరిగి పొదల్లోకి వెళ్లిపోయింది.

“పోయిందా?” కళ్లు తెరవకుండానే అడిగాడు ఉపేందర్.

చెట్టు కింద రాలిన పూలు తప్ప ఏమీ లేవు. అరుంధతి అతని చెయ్యి వదల్లేదు.

“పోలే, ఆడనే ఉన్నది,” అంది. “మాట్లాడు.”